బానిస చదివిన రాజ్యాంగము : ఫ్రెడరిక్ డగ్లస్ జీవితము

అమెరికా సంయుక్త రాష్ట్రముల అంతర్యుద్ధము 1861 ఏప్రిల్ 12వ తేదీన ఫోర్ట్ సమ్టర్ కోటపై ఫిరంగులు ప్రేలుటతో ఆరంభమైనదని చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. ఫిరంగులు ప్రేలినది ఆనాడే యైనను, యుద్ధమునకు మూలమైన వివాదము అంతకు డెబ్బది యేండ్లకు పూర్వమే కాగితముపై పుట్టినది. 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగమును రచించిన పెద్దలు స్వేచ్ఛను గూర్చి ఘనముగ వ్రాసిరి. బానిసత్వమును గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము ఆ మాటను వాడుటకు సంకోచించిరి. జనాభా లెక్కలో అయిదుగురు బానిసలను ముగ్గురుగ లెక్కించి, దక్షిణాది రాష్ట్రములకు ప్రతినిధి సభలో అదనపు స్థానములు కల్పించిరి. ఒక రాష్ట్రము నుండి పారిపోయినవారిని మరియొక రాష్ట్రము తిరిగి అప్పగింపవలెనని నిర్ణయించిరి. ఆఫ్రికా నుండి జరుగు దిగుమతిని 1808 వరకు కాంగ్రెసు నిషేధింపరాదనిరి. ఇన్ని ఏర్పాట్లు చేసియు బానిస అను శబ్దమును ఎచ్చటను వ్రాయలేదు, చాటుమాటలతోనే సరిపెట్టిరి.

ఈ మౌనమునకు అర్థమేమి? రాజ్యాంగము బానిసత్వమును కాపాడుచున్నదా, లేక దానిని అంతమొందించుటకు దారి విడిచియున్నదా? పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో శాసనసభ్యులు, న్యాయమూర్తులు, మతాచార్యులు, పత్రికాధిపతులు ఈ ప్రశ్నపై చీలిపోయిరి. ఆ వివాదమున దిగి, తన అభిప్రాయమును తానే ఒకసారి మార్చుకొని, తుదకు కాలము సమర్థించిన సమాధానమును చెప్పినవారిలో ఒకడు ఏ పాఠశాల గడపయు త్రొక్కనివాడు. ఇరువది యేండ్లు బానిసగ బ్రతికినవాడు. అతడే ఫ్రెడరిక్ డగ్లస్.

అక్షరముల వేట

ఫ్రెడరిక్ 1818 ఫిబ్రవరిలో మేరీలాండ్ రాష్ట్రమున టాల్బట్ కౌంటీలో జన్మించెను. ఏ తేదీన పుట్టెనో అతనికి జీవితాంతము తెలియలేదు. తల్లి పేరు హ్యారియట్ బెయిలీ. తండ్రి తెల్లవాడని మాత్రమే అతడు వినియుండెను. తల్లి పన్నెండు మైళ్ల దూరమున వేరొకరి పొలములో పనిచేయుచుండెను. పగలెల్ల చాకిరి చేసి, రాత్రి కాలినడకను వచ్చి, బిడ్డను ప్రక్కను వేసికొని నిద్రపుచ్చి, తెల్లవారకమునుపే తిరిగి పోవుచుండెను. అట్లామె రాగలిగినది కొలది పర్యాయములే. అతనికి సుమారు ఏడేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. అమ్మమ్మ బెట్సీ అతనిని పెంచెను. ఆరేండ్లు వచ్చినంతనే ఆమె మనుమని చేయి పట్టుకొని యజమాని ఉండు ఎస్టేటుకు నడిపించుకొనిపోయి, అచ్చటి పిల్లలతో ఆడుకొమ్మని పంపి, తాను చెప్పకయే వెనుదిరిగెను. ఆమెయు బానిసయే, అంతకన్న ఆమె చేయగలిగినది లేదు.

1826లో అతనిని బాల్టిమోర్ నగరమునకు, హ్యూ ఆల్డ్ అను నతని యింటికి పంపిరి. ఆ యింటి యిల్లాలు సోఫియా అంతకుపూర్వము బానిసల నేలిన మనిషి కాదు. బాలుడు అడిగినంతనే అక్షరములు నేర్పెను. మూడు నాలుగక్షరముల మాటలు చదివించెను. ఈ సంగతి భర్తకు తెలిసెను. చదువు వచ్చిన బానిస బానిసగ నిలువడని, చట్టరీత్యా కూడ అది తగదని అతడు భార్యను గట్టిగ మందలించెను. ఆ మందలింపు ప్రక్కనే యున్న బాలుని చెవిని పడెను. యజమాని అంతగ భయపడునది ఏదియో అదియే తనకు విడుదల మార్గమని ఆ పసివాడు గ్రహించెను. తనకు చదువు అబ్బుటకు యజమానురాలి దయ ఎంత కారణమో యజమాని నిషేధమును అంత కారణమని అతడు పెద్దవాడైన పిదప వ్రాసికొనెను.

నాటి నుండి ఊరెల్ల అతనికి బడి యయ్యెను. వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వారిచేత పాఠములు చెప్పించుకొనెను. ఓడలు కట్టు చోట వడ్రంగులు ప్రతి పలకపైనను అది ఓడలో ఏ ప్రక్కను అమరవలెనో తెలుపు అక్షరమును గీయుచుండిరి. వానిని చూచి వ్రాత నేర్చెను. యజమాని కుమారుడు వాడి పారవేసిన కాపీ పుస్తకములలోని ఖాళీ స్థలములలో ఆ వ్రాతనే దిద్దెను. పండ్రెండేండ్ల ప్రాయమున, బూట్లు తుడిచి కూడబెట్టిన 50 సెంట్లతో కొలంబియన్ ఆరేటర్ అను ఉపన్యాస సంకలనమును కొనెను. అందొక సంభాషణమున బానిస తన వాదబలము చేతనే యజమానిని ఒప్పించి విడుదల పొందును. వాదము వలన మనుష్యుని మనసు మారునను విశ్వాసము ఫ్రెడరిక్‌కు ఆ పుస్తకము వలననే కలిగెను.

అయితే వాదమునకు లొంగనివారును కలరను పాఠమును అతడు త్వరలోనే నేర్చుకొనవలసి వచ్చెను. 1834లో అతనిని ఎడ్వర్డ్ కోవీ అను రైతుకు ఒక యేడు కూలికి ఇచ్చిరి. పొగరుబోతు బానిసలను లొంగదీయుటలో కోవీ పేరు మోసినవాడు. ఆరు మాసములు వారమువారము కొరడా దెబ్బలు తిన్న పిమ్మట, ఆగస్టు మాసమున ఒకనాడు ఆ పదునారేండ్ల బాలుడు తిరుగబడి కోవీతో దాదాపు రెండు గంటలు పెనుగులాడెను. తరువాత కోవీ మరల అతనిపై చేయి చేసికొనలేదు. మరుసటి యేడు వేరొక యజమాని వద్ద నున్నప్పుడు ఫ్రెడరిక్ ఆదివారములందు రహస్యముగ బడి నడిపెను. ఒకప్పుడు నలుబది మందికి పైగా బానిసలు ఆ బడిలో చదివిరి. పట్టుబడినచో ఒక్కొక్కరికి కొరడా దెబ్బలు తప్పవని గురువునకును తెలియును, శిష్యులకును తెలియును.

స్వేచ్ఛా భూమి

1838 సెప్టెంబరు 3వ తేదీన ఫ్రెడరిక్ నావికుని దుస్తులు ధరించి, ఒక మిత్రుని వద్ద ఎరవు తెచ్చుకొన్న నావికుల పత్రమును జేబులో నుంచుకొని బాల్టిమోర్‌లో రైలెక్కెను. పత్రములోని వర్ణన అతనికి సరిపడదు. టిక్కెట్లు చూచు అధికారి దానిని నిదానముగ పరిశీలించినచో కథ అంతటితో ముగిసెడిది. ఇరువది నాలుగు గంటలలోపల అతడు న్యూయార్కు చేరెను. ఈ సాహసమునకు తోడ్పడిన ఆనా మర్రీ అను స్వతంత్ర నల్లజాతి యువతి అచ్చటికి వచ్చి అతనిని పెండ్లాడెను. దంపతులు మాసచూసెట్స్ రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో కాపురముండిరి. పట్టుకొనువారి కన్ను కప్పుటకై బెయిలీ అను ఇంటిపేరును విడిచి డగ్లస్ అని పెట్టుకొనెను. ఓడ పలకల సందులలో నార కూరి తారు పూయు పనిలో అతడు ఆరితేరినవాడు. కాని తెల్లపనివారు అతనితో కలిసి పనిచేయమనిరి. ఉత్తరాదిన బానిసత్వము లేకున్నను వర్ణద్వేషము లేకపోలేదు. బొగ్గు మోసియు, కట్టెలు కోసియు అతడు సంసారము నడపెను.

ఆ దినములలోనే విలియం లాయిడ్ గారిసన్ నడపు లిబరేటర్ పత్రిక అతని చేతబడెను. 1841 ఆగస్టులో నాన్టకెట్ దీవిలో జరిగిన సభలో డగ్లస్ వణకుచు లేచి తన కథ చెప్పెను. ఆ సభ ముగియకమునుపే బానిసత్వ వ్యతిరేక సంఘము వారు అతనిని తమ ప్రచారకునిగ నియమించిరి. నాలుగేండ్లు ఊరూర తిరిగి మాటాడెను. అతని వాగ్ధాటిని విన్నవారు ఇట్టివాడు బానిసగ ఉండియుండడని సందేహింపజొచ్చిరి. ఆ సందేహము తీర్చుటకై 1845లో తన చరిత్రను యజమానుల పేర్లతో సహా వ్రాసి ప్రకటించెను. దానితో పట్టుబడు ప్రమాదము పెరిగినందున బ్రిటన్‌కు వెడలెను. అచ్చటి మిత్రులు చందాలు పోగుచేసి, 150 పౌనులు చెల్లించి, 1846 డిసెంబరులో అతని స్వేచ్ఛను అతని కొనిపెట్టిరి. 1847లో తిరిగివచ్చి, న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టర్ పట్టణమున నార్త్ స్టార్ అను వారపత్రికను స్థాపించెను. పారిపోవు బానిసలకు రాత్రివేళ దిక్కు చూపు ధ్రువతారయే ఆ పేరునకు మూలము.

అభిప్రాయము మారుట

గారిసన్ దృష్టిలో అమెరికా రాజ్యాంగము బానిస యజమానులతో చేసికొన్న పాపపు ఒడంబడిక. అట్టి రాజ్యాంగము క్రింద వోటు వేయుటయు పాపమే. ఉత్తరాది రాష్ట్రములు దక్షిణాది నుండి విడిపోవుటయే ధర్మము. డగ్లస్ తొలుత ఈ వాదమునే పలుకుచుండెను. గురువునెడల అతనికి గల భక్తి అట్టిది. కాని పత్రిక నడపువాడు ప్రతివారము ప్రతిపక్షులకు సమాధానము చెప్పవలెను. సమాధానము చెప్పుటకై మూలమును మరల మరల చదువవలెను. గెరిట్ స్మిత్ మొదలగువారితో వాదించుచు, న్యాయశాస్త్ర సూత్రములను పరిశీలించుచు అతడు రాజ్యాంగమును పదము పదముగ చదివెను.

చదివిన కొలది అతనికి రెండు సంగతులు స్పష్టమయ్యెను. శాసనమునకు అర్థము దాని మాటలలో వెదుకవలెను గాని, దానిని వ్రాసినవారి రహస్యోద్దేశములలో కాదు. న్యాయమును నెలకొల్పుట, స్వేచ్ఛను భద్రపరచుట తన ధ్యేయములని పీఠికలో చాటుకొన్న శాసనము, బానిస యను మాటనైనను ఉచ్చరింపనప్పుడు, దానిని బానిసత్వమునకు కంచెగ చదువుట అన్యాయము. ఇది మొదటిది. ఇక రెండవది ఆచరణకు సంబంధించినది. ఉత్తరాది విడిపోయి తన చేతులు కడుగుకొన్నచో, దక్షిణాదిలోని బానిసల గతి యేమి? వారిని యజమానుల దయకు విడిచిపెట్టుట కాదా? సంకెల తగిలించుకొన్న అనుభవము లేని గారిసన్‌కు తోచని ప్రశ్న ఇది.

1851 మే మాసమున సిరాక్యూస్ పట్టణములోని సభలో డగ్లస్ తన అభిప్రాయము మారినదని బహిరంగముగ ప్రకటించెను. గారిసన్ ఆగ్రహించి అతని చిత్తశుద్ధిని శంకించెను. పదేండ్ల స్నేహము చెడిపోయెను. తనకు వేదిక నిచ్చినవానిని, పేరు తెచ్చినవానిని ఎదిరించుట డగ్లస్‌కు సులభము కాలేదు. ఐనను చదివి తెలిసికొన్నదానిని దాచుకొనలేదు. మరుసటి యేడు జూలై 5వ తేదీన రాచెస్టర్‌లో ఇచ్చిన సుప్రసిద్ధోపన్యాసమున, స్వాతంత్ర్య దినోత్సవము బానిసకు అవమానమే గాని ఉత్సవము కాదని దేశమును నిలదీసెను. ఆ ఉపన్యాసము చివరనే రాజ్యాంగము స్వేచ్ఛా శాసనమని వాదించెను. గారిసన్ 1854 జూలై 4న ఫ్రేమింగ్‌హామ్ సభలో రాజ్యాంగ ప్రతిని నిప్పుపెట్టి కాల్చెను. డగ్లస్ దానిని చేతబట్టుకొని చదువుచునే యుండెను.

రాజీల మీద రాజీలు

ఈ లోపల రాజకీయ వాతావరణము వేడెక్కుచుండెను. ప్రత్తి నుండి గింజలను వేరుచేయు యంత్రము 1793లో వచ్చిన పిమ్మట దక్షిణాదిలో ప్రత్తి సాగు విపరీతముగ పెరిగినది. 1790లో సుమారు ఏడు లక్షలుగ నున్న బానిసల సంఖ్య 1860 నాటికి దాదాపు నలుబది లక్షలయినది. దేశము పడమటికి విస్తరించిన కొలది క్రొత్త భూములలో బానిసత్వము ఉండవలెనా, వలదా యను తగవు పెరిగినది. 1820లో మిస్సోరీ రాజీ ద్వారా పటముపై ఒక గీత గీసి, ఆ గీతకు ఉత్తరమున బానిసత్వము కూడదనిరి. మెక్సికోతో యుద్ధము వలన విశాల భూభాగము లభింపగా 1850లో మరియొక రాజీ కావలసివచ్చెను. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమయ్యెను. అందుకు ప్రతిఫలముగ, పారిపోయిన బానిసలను పట్టియిచ్చు కఠినమైన చట్టము దక్షిణాదికి దక్కెను.

ఆ చట్టము ప్రకారము పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు. తన పక్షమున సాక్ష్యము చెప్పుకొను హక్కును లేదు. అతనిని బానిసగ తేల్చి అప్పగించిన కమిషనరుకు పది డాలర్లు, విడిచిపెట్టిన కమిషనరుకు అయిదు డాలర్లు రుసుము. సామాన్య పౌరుడు సైతము పిలిచినప్పుడు వచ్చి పట్టుకొనుటకు తోడ్పడవలెను. అంతవరకు బానిసత్వము దూరపు సంగతి యనుకొన్న ఉత్తరాది ప్రజల గుమ్మము ముందరికి అది వచ్చి నిలిచెను. కెనడా సరిహద్దునకు సమీపమున నున్న డగ్లస్ గృహము పారిపోవువారికి ఆశ్రయమయ్యెను. 1851 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా వద్ద బానిసలను పట్టుకొనవచ్చిన యజమాని ఒకడు ఘర్షణలో హతుడయ్యెను. ఆ ఘర్షణకు నాయకుడైన విలియం పార్కర్ తన సహచరులతో రాచెస్టర్ చేరగా, డగ్లస్ వారిని తానే ఓడరేవునకు తీసికొనిపోయి కెనడా ఓడ ఎక్కించెను.

1854లో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ కాన్సాస్ నెబ్రాస్కా చట్టమును తెచ్చి మిస్సోరీ గీతను చెరిపివేసెను. బానిసత్వము ఉండవలెనా యనునది అచ్చటి తెల్లవారి వోటునకే విడిచిపెట్టవలెనని అతని వాదము. ఇరువురి ఇంటిపేర్లకు ఆంగ్లమున ఒక్క అక్షరమే భేదము. భావములకు మాత్రము భూమ్యాకాశముల అంతరము. ఒక మనుష్యుని స్వేచ్ఛను ఇరుగుపొరుగువారి వోటుతో తేల్చవచ్చునను సిద్ధాంతమును ఫ్రెడరిక్ డగ్లస్ షికాగో వేదికపై ఖండించెను. కాన్సాస్‌లో వోట్లకు మారుగ తుపాకులు మాటాడెను. 1856 మే 22న దక్షిణ కెరొలైనా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ భవనములోనే చార్లెస్ సమ్నర్ అను సభ్యుని చేతికర్రతో తలపై మోది రక్తసిక్తుని గావించెను. వాదముతో మనసులు మార్చుకొనవలసిన చోటనే కర్ర లేచినది.

1857 మార్చి 6న సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు చెప్పెను. నల్లవారు అమెరికా పౌరులు కారనియు, కాంగ్రెసు క్రొత్త భూభాగములలో బానిసత్వమును నిషేధింపజాలదనియు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ ప్రకటించెను. విచిత్రమేమనగా, రాజ్యాంగము బానిసత్వ పక్షపాతి యను విషయమున బానిసత్వమును ద్వేషించు గారిసన్‌కును, దానిని కాపాడు టానీకిని భేదములేదు. డగ్లస్ ఇరువురికిని ఎదురు నిలిచెను. తీర్పు న్యాయమూర్తులదే గాని రాజ్యాంగముది కాదనెను. ఇంత ఘోరమైన తీర్పు నిద్రించుచున్న జాతిని మేల్కొలుపునని, అందుచేత తన ఆశ సన్నగిల్లలేదని చెప్పెను.

జాన్ బ్రౌన్ పిలుపు

ఆశ సన్నగిల్లినవారును కలరు. వారిలో జాన్ బ్రౌన్ ఒకడు. కాన్సాస్‌లో ఆయుధము పట్టిన ఈ తెల్లవాడు 1858లో కొన్ని వారములు డగ్లస్ ఇంటనే బసచేసి, తాను స్థాపింపదలచిన రాజ్యమునకు నియమావళి వ్రాసికొనెను. 1859 ఆగస్టులో చేంబర్స్‌బర్గ్ సమీపమున పాడుపడిన రాతిగనిలో ఇరువురును రహస్యముగ కలిసికొనిరి. వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారమును పట్టుకొనుటకు తోడు రమ్మని బ్రౌన్ కోరెను. అది ఎలుకలబోను వంటిదని, ప్రవేశించినవారు బయటపడరని డగ్లస్ వారించెను. బ్రౌన్ వినలేదు. డగ్లస్ వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ అను బానిసత్వము వీడిన యువకుడు మాత్రము బ్రౌన్‌తో పోవ నిశ్చయించెను. అక్టోబరు 16న దాడి జరిగెను. రెండు దినములలో విఫలమయ్యెను. డిసెంబరులో బ్రౌన్‌ను, గ్రీన్‌ను ఉరితీసిరి. వర్జీనియా గవర్నరు డగ్లస్‌ను పట్టుకొన పూనగా, అతడు కెనడా మీదుగ ఇంగ్లండు చేరెను. 1860 మార్చిలో పదేండ్ల కూతురు ఆనీ మరణవార్త అచ్చట విని దుఃఖముతో ఇల్లు చేరెను. బ్రౌన్‌తో పోకుండుట అతనికి వివేకమే యైనను, బ్రౌన్ త్యాగమును అతడు జీవితాంతము కీర్తించెను.

యుద్ధము

1860 నవంబరు ఎన్నికలలో అబ్రహాం లింకన్ గెలిచెను. బానిసత్వము వ్యాపింపరాదనుటయే అతని పక్షము విధానము. ఉన్నచోట దానిని ముట్టుకొనబోమని అతడు హామీ ఇచ్చెను. ఐనను డిసెంబరు 20న దక్షిణ కెరొలైనా విడిపోయెను. పారిపోయిన బానిసలను ఉత్తరాది అప్పగించుటలేదని తన ప్రకటనలో ఫిర్యాదు చేసెను. మరి ఆరు రాష్ట్రములు దానిని అనుసరించెను. 1861 మార్చిలో వారు తమ క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొనిరి. పాత రాజ్యాంగమును చాలవరకు నకలు చేసికొనిరి గాని, ఒకచోట మార్పు అవసరమయ్యెను. నల్లజాతి బానిసలపై ఆస్తిహక్కునకు భంగము కలిగించు చట్టము చేయరాదని స్పష్టముగ చేర్చిరి. పాత రాజ్యాంగమే బానిసత్వమునకు చాలినంత రక్షణ యైనచో ఆ మాటను క్రొత్తగ వ్రాయవలసిన పనియేమి? పదేండ్లుగ డగ్లస్ చెప్పుచున్నదానిని విరోధులే ఈ విధముగ ధ్రువపరచిరి.

యుద్ధము తొలి దినము నుండియు డగ్లస్ కోరినవి రెండు: బానిసలను విడిపింపుడు, నల్లవారికి ఆయుధములిండు. లింకన్ ఆలస్యమును అతడు కఠినముగ విమర్శించెను. 1863 జనవరి 1న తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని లింకన్ ప్రకటించెను. డగ్లస్ ఊరూర తిరిగి నల్ల సైనికులను చేర్చెను; తన కుమారులు లూయీ, చార్లెస్‌లను 54వ మాసచూసెట్స్ దళమునకు పంపెను. నల్ల సైనికులకు జీతము తక్కువ యిచ్చుట అన్యాయమని 1863 ఆగస్టులో లింకన్‌ను స్వయముగ కలిసికొని విన్నవించెను. మరుసటి యేడు కాంగ్రెసు జీతములు సమానము చేసెను. సుమారు ఒక లక్షా ఎనుబదివేల మంది నల్లవారు సైన్యమున పనిచేసిరి. నాలుగేండ్ల యుద్ధమున ఇరుపక్షముల ఆరు లక్షలకు పైగా జనులు మరణించిరి.

1865 డిసెంబరులో పదమూడవ సవరణ అమలులోనికి వచ్చెను. బానిసత్వము అను శబ్దము అమెరికా రాజ్యాంగములోనికి ప్రవేశించినది అప్పుడే; దానిని రద్దుచేయుటకే అది ప్రవేశించినది. 1868లో వచ్చిన పదునాల్గవ సవరణ నల్లవారికి పౌరసత్వమునిచ్చి టానీ తీర్పును త్రోసివేసెను. 1870లో వోటు హక్కు లభించెను.

తుది దినములు

వ్రాసిన హక్కు తనంత తాను నడవదని డగ్లస్‌కు తెలియును. 1877 తరువాత దక్షిణాదిలో బెదిరింపులతోను, మోసముతోను, మూకహత్యలతోను ఆ హక్కులను హరింపజొచ్చిరి. అతడు వాషింగ్టన్‌లో ఉన్నతోద్యోగములు నిర్వహించుచు, 1889 నుండి రెండేండ్లు హైతీలో రాయబారిగ నుండియు, ఈ అన్యాయముపై మాటాడుట మానలేదు. 1877లో మరణశయ్యపై నున్న పూర్వపు యజమాని థామస్ ఆల్డ్‌ను చూడబోయెను. ఇరువురును కంట తడిపెట్టుకొనిరి. వ్యక్తిని క్షమించెను గాని వ్యవస్థను క్షమింపలేదు. స్త్రీలకు వోటు హక్కు కావలెనని 1848లో సెనెకా ఫాల్స్ సభలో పలికిన ఆ గొంతు, 1895 ఫిబ్రవరి 20న స్త్రీల సభకు హాజరై ఇల్లు చేరిన సాయంకాలము మూగవోయెను.

బానిసకు చదువు చెప్పినచో వాడు బానిసగ నిలువడని హ్యూ ఆల్డ్ పలికిన మాట అబద్ధము కాలేదు. అతడు ఊహింపనిదొక్కటే: ఆ చదువు ఒక్క బాలుని విడిపించుటతో ఆగక, దేశము తన శాసనమును తాను సరిగ చదువుకొనునట్లు చేయుటకు తోడ్పడినది. ఆ పాఠము దేశమునకు ముందే తలకెక్కియున్నచో అంత రక్తము చిందకపోవునేమో. వాదము విఫలమైన చోట యుద్ధము వచ్చినది; యుద్ధము ముగిసిన చోట మరల వాదమే కావలసివచ్చినది. ఆ రెండు కాలములందును డగ్లస్ పుస్తకమును చేత విడువలేదు.